మూపుదాటు గట్టు మీద మూడు పిలుపులు

పింగళా నది పొద్దుటెండకు కరిగించిన బంగారంలా మెరుస్తోంది. ఒడ్డున మొగలిపొదలు గుప్పుమంటున్నాయి. కొంగలు బారులు తీరాయి. ఎదురుగా ఏనుగుమూపు గట్టు మంచు తలపాగా చుట్టుకుని, ఎవరొస్తారో రండి చూస్తానన్నట్టు నిలబడి ఉంది. చూసేవాడికి మనసుండాలే గాని ఆ రేవు అందానికి రెండు కళ్ళూ చాలవు. కాని భానుకేతుడికి అవేవీ కనబడలేదు. అతను చూస్తున్నదల్లా ఏటి నడుమ నుంచి రేవు వైపు వస్తున్న రాజనావను. ఆ నావలో ఒక రాతి మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. ఆ రాతి గుండెల మీద చెప్పులకాళ్ళు బారజాపుకుని ధూమ్రకేశుడు కూర్చున్నాడు. ఆ రాయి భానుకేతుడి తండ్రి, సోమధ్వజ మహారాజు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ క్షణాన అతన్ని చూసి తెలుసుకోవాలి.

ధూమ్రకేశుడు కొలువుకు అతిథిగా వచ్చిన మాంత్రికుడు. వాడి దండానికి ఒకటే శక్తి. వాడి మాటకు ఎవరు బదులు పలికినా వాళ్ళ ప్రాణం ఆ దండం కొసకు చిక్కుతుంది. ఆపైన రాయి చెయ్యడమో, దయదలిచి వదలడమో వాడి ఇష్టం. "మహారాజా, తమరు క్షేమమేనా?" అని అడిగాడు. పెద్దమనిషి మర్యాదకు "ఊఁ" అన్నాడు. అంతే, సింహాసనం మీద రాయి మిగిలింది, రాజ్యం మాంత్రికుడి చేతికి పోయింది. ఆ రాయిని ఈ పొద్దు కుంకేలోగా గట్టు అవతలి శ్యామలా నది మడుగులో ముంచితే ఇక ఏ దేవుడూ దాన్ని మనిషిని చెయ్యలేడు. ఆ పని మరొకరికి అప్పగించే నమ్మకం లేక మాంత్రికుడే బయలుదేరాడు. రాజకుమారుడు గడ్డం పెంచి, ఒంటికి బూడిద పూసుకుని, మొగిలి అనే పేరుతో ముందే వచ్చి రేవులో మోతగాళ్ళలో కలిశాడు.

ఆ రేవులో మోతగాళ్ళ పని పడవలను మొయ్యడం. పింగళ మీద వచ్చిన సరుకు పడవలను కాడికొయ్యల మీదికెత్తి, భుజాలు మార్చుకుంటూ గట్టు దాటించి శ్యామలలో దింపుతారు. ఆ పనికి ఆ సీమలో మూపుదాటు అని పేరు.

కోపంతో కళ్ళు కనబడక భానుకేతుడు పక్కనే కొయ్యల మీద సిద్ధంగా ఉన్న పడవ అంచెక్కి, నడుమ పీట మీద చతికిలబడ్డాడు. మరుక్షణం వీపు మీద పిడిబాకు దిగినట్టు ఒక దెబ్బ పడింది.

"నెగురా అక్కణ్ణించి. నీ అమ్మ కడుపు సల్లగుండ, అది కూకునే పీటనుకున్నావేటి?"

కొట్టింది నూకాలు. మోతగాళ్ళందరికీ పెద్ద. తెల్లబడ్డ జుట్టును నడినెత్తిన ముడేసి, నడుముకు కొబ్బరితాడు బిగించి ఉంటుంది. ఆమె గొంతు ఖంగుమంటే గట్టు మీది కోతులు కూడా చెట్లు మారతాయని చెప్పుకుంటారు.

భానుకేతుడు కస్సున లేచాడు. రాజకుమారుణ్ణి ఇంతవరకు తల్లి కూడా కొట్టలేదు. "పీటే కదా. దాని మీద కూర్చుంటే ఏం మునిగిపోయింది?"

"అది అమ్మపీట. కాడి మీదున్న పడవలో బతికినోళ్ళు కూకోరు." నూకాలు తాటినార చుట్ట ఒకటి తీసి అతని భుజం మీద పెట్టి కట్టసాగింది. చేతులు పని చేస్తుంటే నోరు కథ చెప్పింది. "మా ఆదెమ్మ ఉండేది. వరదొచ్చి ఊళ్ళు కొట్టుకుపోతే పిల్లల్ని, మేకల్ని, అందర్నీ ఒక్క పడవలో ఏసుకుని పింగళ మీద ఎదురీదుకుంటా ఈ రేవుకు తెచ్చింది. తెచ్చీసి, ఆ పీట మీదే తల వాల్చీసింది. నాను పుట్టింది శ్యామల ఒడ్డున, నన్ను ఆ నీళ్ళకే ఇచ్చీండర్రా అంది. కొడుకులు ఆవిడ్ని కిందికి దించనేదు. నీళ్ళ మీద ఇది మనల్ని మోసింది, నేల మీద దీన్ని మనం మోద్దారి అన్నారు. పడవతో పాటే ఎత్తీసి మూపులు మారుస్తా గట్టు దాటించీసినారు. ఆ మాట అప్పుడు పుట్టింది. అమ్మను మూపు దాటించినాం అని ఆళ్ళన్నారు. మావూ అదే అంటన్నాం."

చిన్నప్పుడు కోటలో గురువు భానుకేతుడికి ఈ మాటకు వేరే కథ చెప్పాడు. అది గుర్తొచ్చి అతనికి తన మీద తనకే చికాకు పుట్టింది.

"ఎవరైనా బతికినవాడు కూర్చుంటే?" అని అడిగాడు.

"నడిగట్టు మీద దింపుడుబండ ఉంది. ఆదెమ్మనక్కడ దించి, ఆశ సావక సెవిలో మూడుసార్లు పిలిసినారు. పలకనేదు. అందుకే ఎవరు కూకున్నా అక్కడ మూడుసార్లు పిలుస్తాం. దిగితే మనిషి. దిగకపోతే శవం." తాడు ముడి బిగించి ఆమె అతని భుజాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. "నీ మూపున కాయ నేదు, మొగిలీ. నువ్వు మోతగాడివి కావు. ఎవుడివో నాను అడగను. పళ్ళు కొరకడం మాత్రం మానీ, రేపు కూడు నమలాలి కదా."

అంతలో శంఖం ఊదారు. రాజనావ రేవుకు తగిలింది.

ధూమ్రకేశుడు దిగలేదు. భటులు రాతి మనిషిని మోకులతో ఈడ్చి మోతపడవలో పడేశారు. రాయి అంచుకు కొట్టుకున్న చప్పుడుకు భానుకేతుడి పిడికిళ్ళు బిగిశాయి. గట్టు మెట్లు గుర్రాలకు పనికిరావు కనుక భటులను చుట్టుదారిన పంపించి, మాంత్రికుడు నావ మీంచి నావ మీదికి అడుగేసి, తిన్నగా వచ్చి అమ్మపీట మీద కూర్చున్నాడు. కాళ్ళు మళ్ళీ రాతి గుండెల మీద పెట్టుకున్నాడు.

మోతగాళ్ళంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

"దొరా," అంది నూకాలు చేతులు జోడించి, "మోసే పడవలో బతికినోళ్ళు కూకోరు. దారి మంచిదే. నడిసి రా."

"పట్టంగట్టిన పాదం మట్టి తొక్కాలా?" ధూమ్రకేశుడు నవ్వాడు. పసుపుపచ్చని కళ్ళు ఒక్కొక్కరి మీదా వాలాయి. "కూర్చుంటే ఏమవుతుంది? చెప్పండి."

నూకాలు పెదవి కదపలేదు. వాడి దండం సంగతి ఏటి కిందికీ పైకీ తెలియనివాళ్ళు లేరు. కాని అప్పలసూరి అనే మోతగాడు మెతకమనిషి. ఎవరడిగినా చెప్పడమే గాని ఊరుకోవడం ఎరగడు. "అది కాదు బావూ, అది మా అమ్మ..." అన్నాడు.

దండం లేచింది. అప్పలసూరి చెయ్యి చాచినవాడు చాచినట్టే, నోరు తెరిచినవాడు తెరిచినట్టే రేవులో రాయై నిలబడిపోయాడు. అతని భుజం మీది తాటినార చుట్ట ఒక్కటే గాలికి ఊగింది.

ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే అది కూడా బదులవుతుందేమోనన్న భయం. నూకాలు ముఖం నల్లబడింది. ఆమె కాడికొయ్య కిందికి భుజం వంచి, భానుకేతుడి చెవి దగ్గర మెల్లగా అంది. "ఇంక ఆడితో ఎవురూ మాటాడొద్దు. తిట్టినా, కొట్టినా. ఎత్తండ్రా."

పడవ లేచింది. రాజకుమారుడి భుజం మీద తండ్రి బరువు, తండ్రిని తొక్కుతున్నవాడి బరువు కలిసి పడ్డాయి.

ఏనుగుమూపు ఎక్కడమంటే మాటలు కాదు. ఒక పక్క గోడలా కొండ, ఒక పక్క కాలు జారితే ఎముకలు కూడా దొరకని లోయ. అడవిమల్లెలు రాళ్ళ సందుల్లో విరబూశాయి, జలధారలు వెండిజరీ అంచుల్లా జారుతున్నాయి. ఆ సొగసు చూసే తీరిక ఎవరికుంది? మోతగాళ్ళు "హైలెస్స" అంటే "హైలెస్స" అంటూ భుజాలు మార్చుకుంటున్నారు. ఏ మలుపులో అడుగు తడబడినా మాంత్రికుడు దండంతో ముందున్నవాడి నెత్తిన మొట్టుతున్నాడు. ముందున్నది భానుకేతుడు. నాలుగో దెబ్బకు నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. అతను కొయ్యను వదిలెయ్యాలనుకున్నాడు. వదిలితే లోయలోకి పోయేది తండ్రి కూడా. వదల్లేదు.

పడవ వెనక, రాజనావలోనే వచ్చిన ఆస్థాన పండితుడు వాగీశభట్టు పట్టుశాలువ ఎగదోసుకుంటూ, రొప్పుతూ నడుస్తున్నాడు. చిన్నప్పుడు భానుకేతుడికి అక్షరాలు దిద్దించినవాడే. కూలివాడి మొహం వంక ఆయన ఎన్నడూ చూసిన పాపాన పోలేదు కనుక శిష్యుణ్ణి ఆనవాలు పట్టలేదు.

"భట్టూ, ఈ మూపుదాటు అన్న మాట ఎట్లా పుట్టింది?" అని పైనుంచి ధూమ్రకేశుడు అడిగాడు.

"చిత్తం. పూర్వం ఈ సింహాసనమెక్కిన తొలి చక్రవర్తి ఈ జాలరి మూకను యుద్ధంలో ఓడించాడు ప్రభూ. వీళ్ళ మూపుల మీద పడవ పెట్టించి, అందులో తాను ఆసీనుడై గట్టు దాటాడు. శత్రువు మూపెక్కి దాటాడు గనక మూపుదాటు. ఇది బానిసమాట. నిర్వివాదం."

"భేష్. అయితే మేము కూర్చోవడమే సంప్రదాయం."

"అక్షరాలా ప్రభూ."

మోతగాళ్ళ మెడల మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి. నోట్లోని మాటను మింగలేక, కక్కలేక భానుకేతుడు వెనక్కి తిరగబోయాడు. నూకాలు తన మోచేత్తో అతని డొక్కలో పొడిచింది.

"ఆణ్ణి సెప్పనీరా," అంది మెల్లగా. "ఆడు సెప్పేకొద్దీ ఈడు దిగడు."

అప్పుడు వెలిగింది అతనికి. దిగకపోతే శవం.

నడిగట్టు మీద దింపుడుబండ చదునుగా, తరతరాల పడవల రాపిడికి నున్నగా ఉంది. పడవ దించారు. నూకాలు జుట్టుముడి విప్పి భుజాన వేసుకుని, మాంత్రికుడి చెవి దగ్గరికి వంగింది. ఇప్పుడామె దొరా అనలేదు.

"ధూమ్రకేశా, దిగు."

"ఏమిటిది?" అన్నాడు వాడు. ఆమె పలకలేదు. వాడు భట్టు వంక చూశాడు.

"ఇది స్తోత్రం ప్రభూ. ఓడిన రాజు దిగుతాడు, గెలిచిన రాజు దిగడు. పరీక్ష అన్నమాట," అన్నాడు భట్టు చెమట తుడుచుకుంటూ. నిజానికి ఆయనకు ఏమీ తెలియదు. తెలియదని చెప్పడం ఒక్కటే ఆయన నేర్చుకోలేదు.

"ధూమ్రకేశా, దిగు," అంది నూకాలు రెండోసారి. ఆ గొంతులో మోసం లేదు. నిజంగానే దిగమంది. పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువన్నాడట వెనకటికొకడు. వీడూ ఆ బాపతే. కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ధూమ్రకేశా, దిగు."

వాడు ఆమె ముఖం మీద ఉమ్మాడు.

నూకాలు ముఖం తుడుచుకోలేదు. నడుముకు కట్టిన మూట విప్పి, గుప్పెడు పేలాలు తీసి పడవ మీద చల్లింది. ఒక్కొక్క మోతగాడూ ముందుకొచ్చి చల్లాడు. పేలాలు వాడి ఒడిలో, జుట్టులో, దండం మీద పడ్డాయి. వాటిని చూసిన వాగీశభట్టు ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పేలాలు ఎవరి మీద చల్లుతారో తెలుసుకోవడానికి శాస్త్రం చదవక్కరలేదు.

"ఎత్తండ్రా," అంది నూకాలు.

"ఆగు తల్లీ," అన్నాడు భానుకేతుడు. "ఈ పడవలో ఇంకొకరున్నారు. వారిని ఎవరూ పిలవలేదు."

"రాయి కదరా అది."

"మా నాన్న."

ఆమె అతని భుజం వంక, నుదుటి నెత్తురు వంక చూసి తల ఊపింది. "పిలు మరి. శవం పడవలో మిగిలింది శవంతోనే పోతాది. మూడే పిలుపులు."

భానుకేతుడు పడవ అంచు మీదుగా వంగాడు. తండ్రి రాతి చెవి మాంత్రికుడి చెప్పు పక్కనే ఉంది. "నాన్నగారూ," అని పిలిచాడు. రాయి రాయిలాగే ఉంది.

"ఓహో," అన్నాడు ధూమ్రకేశుడు. పసుపుకళ్ళు వెలిగాయి. "భానుకేతుడివా నువ్వు? కోట గోడ దూకి పారిపోయిన పిరికివాడివి నువ్వే కదా?"

గొంతు దాకా వచ్చింది మాట. కాదు అన్న ఒక్క మాట. అతను నాలుకను పళ్ళ మధ్య పెట్టి కొరికాడు. నోరంతా ఉప్పగా అయింది.

"నాన్నగారూ."

రాతి రెప్ప మీది దుమ్ము రాలింది. మాంత్రికుడి నవ్వు ఆగింది. దండం రాకుమారుడి మెడకు ఆనించి, ముఖంలో ముఖం పెట్టి అడిగాడు. "మీ అమ్మ నా వంటశాలలో రుబ్బురోలు ముందు కూర్చుంది. తెలుసా? కూలిపడినప్పుడల్లా ఎవరి పేరు పిలుస్తోందో తెలుసా? తెలుసా అని అడుగుతుంటే పలకవేంరా?"

భానుకేతుడి కళ్ళ నుంచి నీళ్ళు కాదు, నిప్పులు కారుతున్నట్టుంది. వాడి గొంతు అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. నులిమితే తిరిగి పలకాల్సిన పని కూడా ఉండదు. కాని మూడో పిలుపు మిగిలిపోతుంది. ఉన్న కోపాన్నంతా కూడగట్టి, ఆ కోపంతోనే పిలిచాడు.

"నాన్నగారూ."

రాతి పెదవుల మధ్య సన్నని బీట పడింది. లోపల్నుంచి, ఎక్కడో నూతి అడుగునుంచి వచ్చినట్టు వినబడింది. "ఊఁ."

ఆ ఒక్క అక్షరంతో రాయైన మనిషి, ఆ ఒక్క అక్షరంతోనే ఊపిరి తీశాడు. నుదురు మెత్తబడింది, ఛాతీ కదిలింది, చేతులు వచ్చి కొడుకు మెడను పట్టుకున్నాయి. ధూమ్రకేశుడి కాళ్ళు ఆ ఛాతీ మీంచి జారిపోయాయి. మోతగాళ్ళు మహారాజును ఎత్తి బండ మీద కూర్చోబెట్టారు. అప్పుడు చూశారు. నడుము కిందనుంచి ఇంకా రాయే.

"ఎత్తండి," అన్నాడు భానుకేతుడు. "ముందు వీణ్ణి దాటిద్దాం."

పల్లం దారిన పడవ పరుగెత్తింది. ఇప్పుడు హైలెస్సలు లేవు. శవాన్ని మోసేటప్పుడు పాట పాడరు. ధూమ్రకేశుడు ఆజ్ఞాపించాడు, బతిమాలాడు, దండంతో చితకబాదాడు. దూకుదామని చూస్తే ఒక పక్క లోయ, మరోపక్క కొండ. "దించండి. వినబడటం లేదా?" అన్నాడు. ఎవరికీ వినబడలేదు. "భట్టూ, నువ్వయినా చెప్పవేం?" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి నోరు మూసుకోని వాగీశభట్టు, పట్టుశాలువ కొస ఉండచుట్టి నోట్లో కుక్కుకుని, తల అడ్డంగా కూడా ఊపకుండా పక్కకు చూస్తూ నడిచాడు.

శ్యామలా నది కాటుక కరిగినట్టు నల్లగా, చప్పుడు లేకుండా పారుతోంది. దిగువన కొండల నడుమ పాతాళసుడి ఘోష వినబడుతోంది. పొద్దు వాలుతోంది. తెడ్డు లేకుండా, గెడ లేకుండా పడవను నీళ్ళలోకి తోశారు. ఆదెమ్మను పంపినట్టే పంపారు, దండం మాత్రం పెట్టలేదు.

ప్రవాహం పడవను లాగేసుకుంది. అప్పుడు ధూమ్రకేశుడు లేచి నిలబడి దండాన్ని తలపైకెత్తి అరిచాడు.

"భానుకేతూ, నీ తండ్రి నడుము దగ్గర ఆగిందనుకున్నావా రాయి? పొద్దు పొడిచేసరికి మళ్ళీ గుండెదాకా పాకుతుంది. విరుగుడు ఈ దండంలో ఉంది. కావాలా? ఊఁ అను, విసిరేస్తాను."

గట్టు మీది బండ వైపు చూశాడు భానుకేతుడు. అక్కడ చుక్కంత కనబడుతున్నాడు తండ్రి. ఏటి వైపు చూశాడు. దండం సుడి వైపు పోతోంది. అడుగుతున్నవాడు ఆగి, మళ్ళీ అడిగాడు. "కావాలా, వద్దా?"

రాకుమారుడు మొలలోని బాకు దూసి అడ్డంగా పళ్ళ మధ్య కరిచి పట్టాడు. ఇక నోరు పలుకుదామన్నా పలకదు.

"ఒరే, అది శవం పడవరా," అని నూకాలు అతని చెయ్యి పట్టుకుంది. "ఎక్కితే బతికినోడివి కావు. నిన్ను కూడా పిలవాల్సొత్తాది."

అతను ఆమె చెయ్యి విడిపించుకుని, ఆమె కళ్ళలోకి చూస్తూ మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు. మరుక్షణం నల్లని నీళ్ళలోకి దూకాడు.

ప్రవాహం అతన్ని ముంచింది, తేల్చింది, మళ్ళీ ముంచింది. సుడి ఘోష చెవులు చిల్లులు పడేట్టు వినబడేసరికి అతని చేతికి పడవ అంచు దొరికింది. పైనుంచి దండం వేళ్ళ మీద దిగింది. అతను అంచు వదల్లేదు. ఒక మోకాలు పడవలో పెట్టాడు.

వెనక ఒడ్డు మీద నూకాలు గొంతు ఎత్తి, ఏరంతా దద్దరిల్లేలా మొదటి పిలుపు పిలిచింది.